లీగు లెక్కలోకి రాదంటారు



2025 జనవరి 24, శుక్రవారం తెల్లవారుజామున ఐర్లండ్ పడమటి తీరం మీద ఎయోవిన్ అనే తుపాను విరుచుకుపడింది. గాల్వే కౌంటీలో సముద్రపు ఒడ్డున మేస్ హెడ్ అని ఒక చోటుంది. అక్కడ గాలి గంటకు 183 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఆ దేశంలో గాలివేగాన్ని కొలిచి రాసుకోవడం మొదలెట్టాక అంత గాలి ఎప్పుడూ లేదు. 7 లక్షల 68 వేల ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు పోయింది. చెట్లు రోడ్లకు అడ్డం పడ్డాయి. సరిగ్గా ఆ మర్నాడే, ఆ శనాదివారాల్లోనే, అక్కడి జాతీయ హర్లింగ్ లీగు కొత్త సీజన్ మొదలు.

ఇంత గాలిలో, ఇంత చలిలో మొదలెట్టే పోటీ ఎలాంటిదో మీకీపాటికే అర్థమై ఉంటుంది. అసలైన పోటీ అయితే ఎండాకాలంలో పెట్టుకునేవాళ్ళు కదా! పెట్టుకుంటారు కూడా. హర్లింగ్‌లో ఏప్రిల్ నుంచి జూలై దాకా జరిగే ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్పే అసలు పెళ్ళి. జనవరి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సాగే లీగును మాత్రం చాలామంది పట్టించుకోనట్టే మాట్లాడతారు. "ఆఁ, లీగేగా" అంటారు. లీగు ఓడితే అలా అంటారు. గెలిస్తే మాత్రం ఊరంతా ఊరేగుతారు. ఈ రెండు నాల్కల మాటేమిటో తేల్చుకోవాలని నాకెప్పట్నుంచో ఉంది. అందుకు 2025 సీజన్ కన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఈ పూట ఆ సీజన్ కథే చెబుతాను.

హర్లింగ్ చూడనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. జట్టుకు 15 మంది. ఆట 70 నిమిషాలు. ఒక్కొక్కరి చేతిలో నడుము దాకా వచ్చే కర్ర, చివర అరచేయిలా వెడల్పుగా ఉంటుంది. దాని పేరు హర్లీ. బంతి పేరు స్లిటర్. లోపల బెండు, పైన తోలు, కుట్టు చోట పైకి లేచిన అంచు. బరువు 110 నుంచి 120 గ్రాములు. మన ఊళ్ళల్లో చిర్రగోనె ఆడినవాళ్ళకు, బిళ్ళంగోడు ఆడినవాళ్ళకు ఇందులో కిటుకు ఇట్టే పట్టుబడుతుంది. కింద ఉన్నదాన్ని కర్రతోనే గాల్లోకి లేపి, అది మళ్ళీ నేలకు దిగేలోపే బాదాలి. కాకపోతే చిర్రగోనెలో మనం లేపి కొట్టేదాకా అవతలివాడు దూరంగా నిలబడి ఉంటాడు. ఇక్కడ ఆ అర సెకను లోపలే వాడు తన కర్ర ఎత్తుకుని మీదికి వచ్చేస్తాడు.

నేల మీది బంతిని చేత్తో తియ్యకూడదు. చేతిలోకి వచ్చిన బంతితో నాలుగు అడుగులకు మించి వెయ్యకూడదు. దూరం పరుగెత్తాలనుకుంటే హర్లీ వెడల్పు కొస మీద బంతిని నిలబెట్టుకుని పరుగెత్తాలి, వెనక నుంచి ఇద్దరు తరుముకొస్తుండగా. గోలు స్తంభాలు రెండూ పైదాకా లేచి ఉంటాయి, మధ్యలో అడ్డకర్ర. బంతి అడ్డకర్ర కింద నుంచి వలలో పడితే గోల్. పై నుంచి స్తంభాల మధ్యగా పోతే పాయింట్. ఒక గోల్ మూడు పాయింట్లతో సమానం. గోలు పక్కన తెల్లకోటు వేసుకున్న అంపైర్లుంటారు. పాయింటుకు తెల్లజెండా, గోలుకు పచ్చజెండా ఎత్తుతారు. అందువల్ల స్కోరు రెండు అంకెలుగా చెబుతారు. 3-24 అంటే 3 గోల్స్, 24 పాయింట్లు, వెరసి 33. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి. కాసేపట్లో పని పడుతుంది.

ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబరు 1న టిప్పరేరీ కౌంటీలోని థర్లస్ అనే చిన్న పట్నంలో, ఒక హోటల్లో పుట్టింది. మూడేళ్ళకే, 1887లో, ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. లీగు రావడానికి మరో నలభై ఏళ్ళు దగ్గర దగ్గర పట్టింది. 1925లో మొదలైన తొలి లీగును కార్క్ గెలిచింది. లీగు కప్పుకు డాక్టర్ క్రోక్ అనే ఆర్చిబిషప్పు పేరు పెట్టారు. డబ్లిన్‌లోని క్రోక్ పార్కు స్టేడియానిదీ ఆయన పేరే.

రేడియోలో కూర్చుని హర్లింగ్ గురించి మాట్లాడుతూ ఇంకొక సంగతి చెప్పకపోతే బాగుండదు. ఆ మొదటి లీగు ముగిసిన ఏడాదే, 1926 ఆగస్టు 29న, క్రోక్ పార్కులో కిల్‌కెన్నీ, గాల్వే జట్ల మధ్య ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ జరిగింది. డబ్లిన్ రేడియో కేంద్రం దాన్ని మైదానం నుంచే ప్రసారం చేసింది. ఐరోపాలో ఒక మైదానపు ఆటను రేడియోలో ప్రత్యక్షంగా వినిపించడం అదే మొదటిసారి అంటారు. మైకు ముందు కూర్చున్న పి.డి. మెహిగన్ మునుపు స్వయంగా హర్లింగ్ ఆడినవాడే. కంటికే అందనంత వేగంగా పోయే బంతి, ఒక్కోసారి గంటకు 150 కిలోమీటర్ల దాకా పోతుంది, దాన్ని చెవికి అందించాలి. చెప్పేవాడు ఏం చెప్పాలి, ఏం వదిలెయ్యాలి? తరవాతి కాలంలో ఆ విద్యలో ఆరితేరినవాడు మీహాల్ ఓ మూర్హర్టీ. 1949లో మైకు పట్టి 2010లో దించాడు. 2024లో, 93 ఏళ్ళ వయసులో పోయాడు. బంతి ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్ళే సందులో ఆటగాడి ఊరు, తండ్రి వృత్తి, మేనమామ ఏ ఏడాది ఆడాడు అన్నవన్నీ దూర్చేసేవాడు. వినేవాళ్ళు ఆ ముచ్చట్ల కోసమే రేడియో పెట్టేవాళ్ళని నా అనుమానం.

ఆటగాడి ఊరూ పేరూ అక్కడ ఊరికే చెప్పరు. ఈ ఆటలో జీతాలు లేవు. ఆటగాళ్ళ వేలంపాట లేదు. ఏ ఊరి క్లబ్బులో ఆడుతున్నాడో మామూలుగా ఆ కౌంటీకే ఆడతాడు. ఆదివారం నలభై వేల మంది ముందు ఆడినవాడు సోమవారం పొద్దున బడికెళ్ళి పిల్లలకు లెక్కలు చెబుతాడు. ఇంకొకడు పాలు పితుకుతాడు. ఒకడు పోలీసు, ఒకడు కాలేజీ కుర్రాడు. చలికాలంలో పని ముగించుకుని, చీకట్లో యాభై అరవై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ ప్రాక్టీసుకు వెళ్ళి, రాత్రి పదింటికి మళ్ళీ ఇల్లు చేరే మనుషుల పోటీ ఇది. "లీగేగా" అనేవాళ్ళు ఈ మాట ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఆ చేతిలో కర్ర సంగతి చెప్పి అసలు కథలోకి వెళతాను. హర్లీ చెయ్యడానికి యాష్ చెట్టు కావాలి. పాతిక ముప్పై ఏళ్ళ చెట్టయితే మంచిది. చెట్టులో ఏ భాగం పడితే ఆ భాగం పనికిరాదు. నేలను ఆనుకుని వేళ్ళు విడిపోయేచోట మాను వెడల్పవుతుంది చూడండి, ఆ అడుగు భాగం కావాలి. అక్కడ చెక్కలోని చారలు కాండం వెంట నిలువుగా దిగి, వేరు వైపు వంపు తిరుగుతాయి. హర్లీ చివరి వంపు ఆ చారల వంపులోనే రావాలి. చారకు అడ్డంగా కోస్తే మొదటి దెబ్బకే విరుగుతుంది. అందుకే పనివాళ్ళు చెట్టును మొదలంటా, నేలకు తగిలించి కోస్తారు. పలకలుగా చీల్చి, నెలల తరబడి ఆరబెట్టి, చిత్రిక పట్టి, చివరి వెడల్పు భాగం చుట్టూ సన్నటి రేకు బిగిస్తారు. ఎంత జాగ్రత్తగా చేసినా ఆటలో విరుగుతూనే ఉంటాయి. రెండు కర్రలు ఢీకొని ఒకటి ఫట్‌మన్నప్పుడు, ఆటగాడు చేతిలో మిగిలిన ముక్క పారేసి చెయ్యి చాస్తాడు. గీత అవతల నిలబడ్డ మనిషి కొత్తది విసురుతాడు. ఆట ఆగదు.

2012లో ఆ యాష్ చెట్లకు ఒక శిలీంధ్రపు తెగులు ఐర్లండ్‌లో మొదటిసారి కనబడింది. లీట్రిమ్ కౌంటీలో మొదలై దేశమంతా పాకింది. ఆకులు మాడి, కొమ్మలు పైనుంచి కిందికి ఎండుకుంటూ వస్తాయి. ఇప్పుడు చాలా కర్ర బయటి దేశాల నుంచి తెప్పించుకుంటున్నారు. క్లేర్ కౌంటీలో ఒక కుటుంబం వెదురుతో హర్లీలు చేస్తోంది. పాతకాలపువాళ్ళు వెదురు కర్రను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేస్తారట. ఆటగాళ్ళు మాత్రం వాడేస్తున్నారు.

సరే, లీగుకొద్దాం.

లీగులో శ్రేణులుంటాయి. పై శ్రేణి ఒకటి-ఎ. 2025లో అందులో ఏడు కౌంటీలు: కార్క్, టిప్పరేరీ, లిమరిక్, క్లేర్, కిల్‌కెన్నీ, గాల్వే, వెక్స్‌ఫర్డ్. అందరూ అందరితో ఒక్కోసారి ఆడతారు. అంటే తలా ఆరు మ్యాచులు. పైనున్న ఇద్దరికి ఫైనల్. కిందనున్న ఇద్దరూ ఒకటి-బి శ్రేణికి దిగిపోవాలి. అంతకుముందు ఏడాది దాకా పెద్ద కౌంటీలను రెండు గుంపులుగా విడదీసి ఆడించేవాళ్ళు, గట్టి జట్లు పక్కపక్కనే పడకుండా తప్పించుకునే సందు ఉండేది. 2025లో ఆ సందు మూసేశారు. ఎవడికీ తేలిక మ్యాచు లేదు.

ఛాంపియన్‌షిప్‌లో మూడు మ్యాచులు తప్పితే ఏడాది పోయినట్టే. లీగులో మూడు తప్పినా బతకొచ్చు. అందుకే మేనేజర్లు కొత్త కుర్రాళ్ళను లీగులో దించుతారు. గోల్‌కీపర్ను మారుస్తారు. వెనక ఆడేవాణ్ణి ముందుకు తెస్తారు. పెద్ద ఆటగాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి వాడి మొహం ఎలా ఉందో చూస్తారు. లీగు గెలవాలనుందా అని విలేకరి అడిగితే ఏ మేనేజరూ సూటిగా చెప్పడు. గెలిస్తే అలసిపోయారని అంటారు, ఓడితే సిద్ధంగా లేరని అంటారు. చెప్పకపోవడమే క్షేమం.

2025 లీగు మొదలయ్యేనాటికి రాజ్యం క్లేర్‌ది. 2024లో వాళ్ళు ఏప్రిల్లో లీగు ఫైనల్లో కిల్‌కెన్నీని ఓడించారు. జూలైలో కార్క్‌ను అదనపు సమయంలో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడించి ఆల్ ఐర్లండ్ కప్పూ పట్టుకుపోయారు. 3-29కి 1-34. లెక్క వేసుకోండి, 38కి 37. రెండు కప్పులూ ఒకే ఇంట్లో. ఆ చలికాలంలో వాళ్ళ పెద్ద ఆటగాడు, ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా నిలిచిన షేన్ ఓడొనెల్ భుజానికి దెబ్బ తగిలి లీగుకు దూరమయ్యాడు. మిగతావాళ్ళకు కప్పు తెచ్చిన బద్ధకమో, ఒళ్ళు అలసటో, ఓటమి మీద ఓటమి. మార్చి వచ్చేసరికి దేశపు ఛాంపియన్లు పై శ్రేణి నుంచి కిందికి దిగిపోయారు. ఓడలు బళ్ళవుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. వాళ్ళతోపాటు వెక్స్‌ఫర్డ్ దిగింది. కింది నుంచి వాటర్‌ఫర్డ్, ఆఫలీ పైకొచ్చాయి.

క్లేర్‌లో జనం ఏమన్నారో ఊహించగలరు: "ఆఁ, లీగేగా. ఎండ రానీ, చూద్దురుగాని." ఎండ వచ్చింది. ఛాంపియన్‌షిప్‌లో మన్‌స్టర్ ప్రాంతపు పోటీలో ఐదు కౌంటీలు ఆడితే మొదటి మూడే ముందుకెళతాయి. ఆ మూడింట్లో క్లేర్ లేదు. 2026 లీగు ఒకటి-బి లో మొదలెట్టాల్సి వచ్చింది. ఇక్కడ లీగు చెప్పింది నిజమే. ముందే, గట్టిగానే చెప్పింది. వినలేదంతే.

ఇప్పుడు రెండో కథ. కార్క్, టిప్పరేరీ. ఈ ఇద్దరిదీ పక్కపక్క పొలాల తగాదా. టిప్పరేరీది నీలం, పసుపు; కార్క్‌ది ఎరుపు. కార్క్ ఆల్ ఐర్లండ్ గెలిచి అప్పటికి ఇరవై ఏళ్ళు. చివరిసారి 2005లో గెలిచినప్పుడు షాన్ ఓగ్ ఓ హాల్పిన్ కెప్టెన్. తల్లిది ఫిజీ దీవులు, తండ్రిది హర్లింగ్ పెద్దగా ఆడని ఫెర్మానా కౌంటీ. లీగు కప్పు చేతికొచ్చి ఇంకా ఎక్కువ కాలం, 1998 తరవాత మళ్ళీ లేదు. కార్క్ మనుషులు ఆకలి మీదున్నారు.

టిప్పరేరీ పరిస్థితి ఇంకో రకం. 2024 మే నెలలో సొంత మైదానం థర్లస్‌లో కార్క్ వాళ్ళను 18 పాయింట్ల తేడాతో చావగొట్టింది. 4-30కి 1-21. అభిమానులు చివరి దాకా ఉండలేక మధ్యలోనే గేట్ల వైపు నడిచారు. ఆ ఏడాది మన్‌స్టర్ పట్టికలో టిప్పరేరీ అట్టడుగున నిలిచింది. మేనేజరు లియామ్ కాహిల్ మీద పడని మాట లేదు.

ఈ కాహిల్ గతం తెలిస్తే కథకు రుచి. అంతకుముందు ఆయన వాటర్‌ఫర్డ్ జట్టుకు మేనేజరు. 2022 లీగు ఫైనల్లో ఆయన జట్టు కార్క్‌ను 4-20కి 1-23తో ఓడించింది. ఆరు పాయింట్ల తేడా. ఇక ఈ ఏడు వాటర్‌ఫర్డ్‌దే అని అందరూ రాసేశారు. నెలన్నర తిరగ్గానే ఛాంపియన్‌షిప్‌లో ఒక్క మ్యాచ్ గెలిచి, మూడు ఓడి, ఇంటికి పోయారు. ఏప్రిల్లోనే కుర్రాళ్ళ సత్తువంతా పిండేశాడని కాహిల్‌ను దెప్పిపొడిచారు. లీగు గెలిచినందుకు తిట్లు తిన్న మనిషి ఆయన.

మూడేళ్ళ తరవాత, 2025 ఏప్రిల్ 6న, అదే కాహిల్ ఈసారి టిప్పరేరీ జట్టుతో కార్క్ మీదే లీగు ఫైనల్‌కు వచ్చాడు. చలికాలమంతా ఆయన కుర్రాళ్ళను దించాడు. అందులో డారా మెకార్తీ ఒకడు. టూమెవారా అనే ఊరివాడు. వయసు 19. ఫౌల్‌కు దక్కే ఫ్రీ కొట్టేటప్పుడు బంతి మీదికి వంగి, ఒక్క క్షణం అలాగే ఉండిపోయి, తరవాత లేపి కొడతాడు. అంత చిన్నవాడికి అంత నింపాది ఎక్కడిదో అనిపిస్తుంది.

ఫైనల్ కార్క్ నగరంలోని పార్క్ ఈ క్వీవ్‌లో. అంటే కార్క్ వాళ్ళ పెరట్లో. స్టేడియమంతా ఎరుపే. ఆట ఏకపక్షం. కార్క్ 3-24, టిప్పరేరీ 0-23. పాయింట్లు కొట్టడంలో ఇద్దరికీ తేడా ఒక్కటే చూడండి, 24, 23. తేడా అంతా ఆ మూడు గోల్స్‌దే. కార్క్ బలమంతా అందులోనే ఉంది: బంతి పొడుగ్గా లోపలికి కొట్టడం, పొడగరి ఫార్వర్డులు దాన్ని దొరకబుచ్చుకోవడం, తిరగడం, కొట్టడం. పదిహేనో లీగు కప్పు. 27 ఏళ్ళ తరవాత. ఆ సాయంత్రం ఎవరూ "లీగేగా" అనలేదు.

మూడు వారాలకు, ఏప్రిల్ 27న, ఛాంపియన్‌షిప్‌లో అదే మైదానంలో అవే జట్లు. హర్లింగ్ మ్యాచ్ ఎలా మొదలవుతుందంటే, రిఫరీ మధ్యలో నిలబడి, రెండు జట్ల మధ్యవరస ఆటగాళ్ళ నడుమ బంతిని విసురుతాడు. ఆ విసిరేలోపు అక్కడక్కడా జతలు జతలుగా నిలబడ్డ ఆటగాళ్ళు భుజాలు తోసుకోవడం, కర్రతో కర్రను తట్టడం మామూలే. పులి పిల్లల్లా గుర్రుమంటూ ఉంటారు. మెకార్తీ తన పక్కనున్న కార్క్ ఆటగాడు షాన్ ఓడొనహ్యూను కర్రతో కొట్టాడు.  రెడ్ కార్డు. బంతి ఇంకా నేల మీద పడలేదు! 19 ఏళ్ళ కుర్రాడు ఒక్క నిమిషమైనా ఆడకుండా తల దించుకుని బయటికి నడిచాడు. టిప్పరేరీ 14 మందితో 70 నిమిషాలూ ఆడి 4-27కి 0-24తో ఓడింది. పదిహేను పాయింట్లు.

ఇప్పుడు ఆలోచించండి. ఏప్రిల్ నెలలో కార్క్ టిప్పరేరీని రెండుసార్లు ఓడించింది. ఒకసారి 10 పాయింట్లతో, ఒకసారి 15తో. పట్టిక చూసినవాడెవడైనా ఏమనుకుంటాడు? కార్క్ జూన్‌లో లిమరిక్ మీద మన్‌స్టర్ ఫైనల్ గెలిచింది. అదనపు సమయం కూడా సమానంగా ముగిసి పెనాల్టీల దాకా వెళ్ళిన మ్యాచ్ అది. సెమీఫైనల్లో డబ్లిన్ మీద ఏడు గోల్స్ కొట్టింది. టిప్పరేరీ పక్కన, ఎవరూ పెద్దగా చూడని దారిలో, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. సెమీఫైనల్లో కిల్‌కెన్నీ మీద రెండు పాయింట్లతో బయటపడింది. ఆ మ్యాచ్‌లో మళ్ళీ మెకార్తీ బయటికి! ఈసారి రెండు పసుపు కార్డులతో. రెండు పసుపులతో వెళ్ళినవాడికి తరవాతి మ్యాచ్ నిషేధం ఉండదు. అలా మిగిలాడు ఫైనల్‌కు. ఎర్రకార్డు చూసిన రెండుసార్లూ కాహిల్ వాణ్ణి పక్కన పెట్టలేదు. నాకు ఈ సీజన్ మొత్తంలో బాగా నచ్చింది అదే. చలికాలంలో వాడిలో ఆయనేదో చూశాడు. రెండు కార్డుల తరవాతా దాన్నే నమ్మాడు.

జూలై 20. క్రోక్ పార్కు. హాఫ్ టైమ్‌కు కార్క్ 1-16, టిప్పరేరీ 0-13. ఆరు పాయింట్ల ఆధిక్యం. ఇరవై ఏళ్ళ కరువు తీరినట్టే. రెండో సగంలో ఏం జరిగిందో కార్క్‌లో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేరు. 35 నిమిషాల్లో కార్క్ కొట్టింది రెండంటే రెండు పాయింట్లు. అదే సమయంలో టిప్పరేరీ కొట్టినవి 3 గోల్స్, 14 పాయింట్లు. జాన్ మెగ్రాత్ రెండు గోల్స్ వేశాడు. కార్క్‌కు ఒక పెనాల్టీ వస్తే టిప్పరేరీ గోల్‌కీపర్ రీస్ షెల్లీ ఆపేశాడు. మిగిలిన గోల్ మెకార్తీది, పెనాల్టీ మీద. మొత్తం మ్యాచ్‌లో వాడొక్కడే 1-13 కొట్టాడు. చివరి స్కోరు 3-27కి 1-18. తేడా ఎంతో చూశారా? పదిహేను. ఏప్రిల్ 27న కార్క్ కొట్టిన అంతే తేడా, తిరిగి లెక్క కట్టి అప్పజెప్పినట్టుగా.

టిప్పరేరీకి అది 29వ ఆల్ ఐర్లండ్ కప్పు. కార్క్‌కు మిగిలింది లీగు కప్పూ, మన్‌స్టర్ కప్పూ.

క్లేర్ విషయంలో లీగు నిజం చెప్పింది. కార్క్ విషయంలో అబద్ధం చెప్పింది. రెండూ ఒకే గొంతుతో. 2023లో లిమరిక్ లీగూ గెలిచింది, ఆల్ ఐర్లండూ గెలిచింది. 2024లో క్లేర్ కూడా. 2022లో వాటర్‌ఫర్డ్ లీగు గెలిచి మునిగింది. కాబట్టి లీగు గెలిస్తే మంచిదా చెడ్డదా అని లెక్కలు తీసేవాళ్ళు తీసుకోవచ్చు, నాకైతే అందులో ఏమీ కనపడదు. పట్టికలో ఉన్నది చూస్తే దొరకదు. మేనేజరు ఆ పదివారాల్లో ఎవరిని చూశాడు, ఏం చూశాడు, దాన్ని జూలై దాకా మర్చిపోకుండా పట్టుకున్నాడా అన్నదే అసలు లీగు. దానికి పట్టిక లేదు.

ఒక్కోసారి లీగు ఆడినట్టు ఆడకపోయినా కప్పు ఇచ్చేసిన సందర్భాలున్నాయి. 2020లో కరోనా వల్ల లీగు ఫైనల్ ఆగిపోయింది. అక్టోబరులో లిమరిక్, క్లేర్ ఛాంపియన్‌షిప్‌లో ఎదురుపడితే ఆ మ్యాచ్‌నే లీగు ఫైనల్ కూడా అనుకోమన్నారు. లిమరిక్ ఒకే దెబ్బకు రెండూ గెలిచింది. మరుసటేడు కిల్‌కెన్నీ, గాల్వే కూడా అలాగే ఎదురుపడితే చూద్దామనుకున్నారు. ఎదురుపడలేదు. కప్పును ఇద్దరికీ సగం సగం రాసేశారు.

పెద్ద కౌంటీల సంగతి ఇది. లీగును నిజంగా ప్రాణంగా చూసుకునేవాళ్ళు కింది శ్రేణుల్లో ఉన్నారు. కావన్, ఫెర్మానా, లీట్రిమ్, లాంగ్‌ఫర్డ్, లౌత్. ఇక్కడ జనమంతా గేలిక్ ఫుట్‌బాల్ ఆడతారు. హర్లింగ్ ఆడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంత మంది. వీళ్ళు మంచు కురిసే ఆదివారాల్లో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన లాంకషైర్ జట్టు లాంటివాళ్ళతో ఆడతారు. 2023లో ఈ ఐదు కౌంటీలనూ లీగు నుంచి తప్పిద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. కౌంటీ జట్టు మీద పెట్టే ఖర్చు ఊళ్ళల్లో ఆట పెంచడానికి మళ్ళిద్దామన్నది దాని వెనక లెక్క. కాగితం మీద చూస్తే తప్పు పట్టలేం. కానీ ఆటగాళ్ళు ఊరుకోలేదు. కౌంటీ చొక్కానే లేకపోతే ఊళ్ళో పిల్లాడు కర్ర ఎందుకు పట్టుకుంటాడని అడిగారు. పెద్ద కౌంటీల ఆటగాళ్ళూ వాళ్ళ పక్షాన నిలబడ్డారు. ప్రతిపాదన వెనక్కి పోయింది. నేను ఆటగాళ్ళ పక్షమే. ఖర్చు లెక్క తప్పని కాదు. ఆ లెక్కలో పిల్లాడు లేడు.

వినేవాళ్ళలో కొందరి పిల్లలు డబ్లిన్‌లోనో, కార్క్‌లోనో, లిమరిక్‌లోనో, గాల్వేలోనో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉండే ఉంటారు. జనవరి ఆఖరున ఫోన్ చేసి, చలి ఎలా ఉంది, అన్నం తిన్నావా అని అడిగాక ఒక మాట చెప్పండి. ఫైనల్ టిక్కెట్టు దొరకలేదని బాధపడొద్దు. దగ్గర్లో ఏ చిన్న కౌంటీ లీగు మ్యాచ్ ఉందో కనుక్కోమనండి. టిక్కెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవాలి, గేటు దగ్గర నోట్లు తీసి నిలబడితే లాభం లేదు. లోపలికి వేసుకునేది ఒకటి, పైన వాన ఆపేది ఒకటి, రెండు కోట్లు కావాలి. కూర్చునే చోటు కాకుండా గోలు వెనక గట్టు మీదికో, గీత పక్కన కమ్మీ దగ్గరికో వెళ్ళమనండి. అక్కడ కర్రకు కర్ర తగిలిన చప్పుడు, గోల్‌కీపర్ అరుపులు, పక్కనున్న ముసలాయన రిఫరీ మీద వేసే అక్షింతలు అన్నీ వినబడతాయి. ఆ ముసలాయనతో మాట కలిపితే హాఫ్ టైమ్‌లో థర్మోస్‌లోంచి టీ కూడా పోస్తాడు. మీది ఏ ఊరని మాత్రం తప్పకుండా అడుగుతాడు. గుంటూరనో, కరీంనగరనో చెబితే, అక్కడ ఎవరు ఆడతారని రెండో ప్రశ్న వేస్తాడు. దానికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళమనండి.